థాంక్స్‌గివింగ్‌కి ముందు మా స్కూల్ లైబ్రరీ: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

నేను డాలస్ దగ్గర ఒక ఎలిమెంటరీ స్కూల్లో లైబ్రేరియన్‌ని. థాంక్స్‌గివింగ్ అంటే నవంబర్లో అమెరికాలో చేసుకునే కృతజ్ఞతల పండగ. ఆ వారమంతా మాకు సెలవు కాబట్టి దానికి ముందు శుక్రవారం లైబ్రరీ సంతలా ఉంటుంది. ఆ రోజు పిల్లలు రంగు కాగితాన్ని ఆకులా కత్తిరించి, ఎవరికి థాంక్స్ చెప్పాలనుకుంటున్నారో దాని మీద రాసి మా తలుపుకి అంటిస్తారు. అమ్మ, కుక్క, పీఈ టీచర్, నూడుల్స్, ఇలా ఎన్నో. ఈసారి నేనూ ఒక ఆకు తీసుకుని కూర్చున్నాను. చెప్పాల్సింది అందులో పట్టదని అర్థమైంది. నా పని గురించి మనవాళ్ళు తరచూ అనే మాటలు కొన్ని గుర్తొచ్చాయి, వాటికి నా దగ్గరున్న జవాబులు చాలావరకు ఈ పిల్లలు నేర్పినవే. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "లైబ్రేరియన్‌కి పనేముంది, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడమే కదా."

టెక్సస్‌లో స్కూల్ లైబ్రేరియన్ సర్టిఫికెట్ రావాలంటే మాస్టర్స్ డిగ్రీ కావాలి, రెండేళ్ళు క్లాసులో పాఠాలు చెప్పిన అనుభవం కావాలి, ఆపైన పరీక్ష పాసవ్వాలి. అయితే ఇవన్నీ ఉన్నా ఈ లైబ్రరీని నేనొక్కదాన్నే నడపలేను. వెనక్కి వచ్చిన పుస్తకాలని మళ్ళీ వాటి చోట సర్దేది మా ఐదో తరగతి హెల్పర్లు. పొద్దున బెల్లుకి పావుగంట ముందే వచ్చేస్తారు. ఏ విషయం పుస్తకాలు ఏ అరలో ఉంటాయో చెప్పే నంబర్లు, డైనోసార్లు 567.9, కుక్కలు 636.7, వంటలు 641.5, పండగలు 394.26 అని వాళ్ళకి నోటికొచ్చు. ఒకరోజు వాళ్ళలో ఒకమ్మాయి, "మిస్, డైనోసార్ల కోసం ఎక్కువ వచ్చేది కిండర్ పిల్లలే కదా, మరి అవి పై అరలో ఎందుకున్నాయి?" అని అడిగింది. అప్పటికి నాలుగేళ్ళుగా రోజూ ఆ అర ముందు నుంచే నడుస్తున్నాను, నాకు తట్టలేదు. ఆ మధ్యాహ్నమే అందరం కలిసి కిందికి దించాం. మర్నాడు ఒక చిన్న పాప ఎవరి సాయమూ అడక్కుండా నేల మీద కూర్చుని తనే వెతుక్కుంది.

అపోహ: "సెలవులకి పుస్తకాలిస్తే పోగొట్టేస్తారు."

ఇది నేనూ నమ్మాను. చేరిన కొత్తలో థాంక్స్‌గివింగ్‌కి ముందు వారం చెక్ అవుట్ ఆపేసేదాన్ని, లెక్క సరిగ్గా ఉండాలని. ఒక ఏడాది నాలుగో తరగతి బాబు తలుపు దగ్గర నిలబడి, మా అమ్మకి పండగ రోజు కూడా షాపులో డ్యూటీ ఉంది, తమ్ముణ్ణి నేనే చూసుకోవాలి, వాడికి చదివి వినిపించడానికి ఒక్క పుస్తకం ఇవ్వరా అన్నాడు. అప్పటిదాకా నేను, ఈ సెలవులంటే ప్రతి ఇంట్లో టర్కీ, చుట్టాలు, టీవీలో ఫుట్‌బాల్ ఉంటాయనే అనుకున్నాను. శని, ఆదివారాలు కూడా కలిపితే తొమ్మిది రోజులు. కొంతమంది పిల్లలకి అవి చాలా పొడుగైన రోజులు, ఇంట్లో ఒక్క పుస్తకం కూడా లేని పిల్లలకైతే మరీనూ. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనే రంగనాథన్ గారు 1931లో ప్రచురించిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో మొదటిదే, పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికి అని. ఆ సూత్రాలని అమెరికా లైబ్రరీ కోర్సుల్లోనూ చెప్తారు, నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నిజంగా అర్థమైంది మాత్రం ఆ బాబు అడిగాకే.

ఇప్పుడు సెలవులకి ముందు మామూలుగా ఇచ్చేదానికంటే ఎక్కువే ఇస్తాను. పోవా అంటే, కొన్ని పోతాయి. కొన్ని నీళ్ళల్లో తడిసి ఉబ్బి వస్తాయి. కిందటేడు ఒకదాని అంచున పసుపు మరక కనిపించింది, చూడగానే మా అమ్మ వంటగది గుర్తొచ్చింది. ఎక్కువ భాగం పుస్తకాలు సోమవారం పొద్దున్నే తిరిగొస్తాయి, వాటితోపాటు ఏ పేజీ దగ్గర ఏమైందో చెప్పాలని ఆత్రంగా ఒక పిల్లాడో పిల్లో వస్తారు. తల్లిదండ్రులకి ఒక మాట: పోతే డబ్బు కట్టాలేమోనని టెన్షన్ పడి పుస్తకం ఇంటికే తేవద్దని చెప్పకండి. పోతే వచ్చి లైబ్రేరియన్‌తో మాట్లాడండి, ఏదో ఒక దారి చూస్తాం.

అపోహ: "మావాడి లెవల్‌కి తగ్గ పుస్తకాలే ఇవ్వండి, బొమ్మల పుస్తకాలు వద్దు."

ఇది నేను మన తెలుగు తల్లిదండ్రుల దగ్గరే ఎక్కువ విన్నాను, పిల్లల మీద ప్రేమతోనే అంటారు, అది నాకు తెలుసు. కానీ పుస్తకం చదవడానికి ఎంత కష్టమో చెప్పే లెక్సైల్ లాంటి స్కోరు దేన్ని కొలుస్తుందో చూడండి. వాక్యాలు ఎంత పొడుగున్నాయి, మాటలు ఎంత అరుదైనవి అన్నదాన్ని బట్టే ఆ అంకె వస్తుంది. కథ ఆ వయసుకి తగినదా, ఆ పిల్లకి దాని మీద మనసు ఉందా అన్నది అందులో ఉండదు. లైబ్రరీ పుస్తకాల మీద లెవల్ స్టిక్కర్లు అంటించి అరలని అలా విడగొట్టొద్దని అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ స్కూల్ లైబ్రేరియన్స్ కూడా చెప్తుంది.

గుంటూరు నుంచి ఏడాది మధ్యలో ఒక మూడో తరగతి బాబు వచ్చాడు. క్లాసులో నోరు విప్పేవాడు కాదు. నేను వేరే పనిలో ఉండగా మా హెల్పర్ ఒకడు, తెలుగు ఒక్క ముక్క కూడా రానివాడు, మాటలే లేని బొమ్మల పుస్తకం ఒకటి తీసి వాడి చేతిలో పెట్టాడు. మాటలు లేని పుస్తకానికి స్కోరే ఉండదు. కాసేపటికి బాబు అది పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు ఒక్కో బొమ్మా చూపిస్తూ, "అప్పుడేమో ఈ కుక్క అలిగింది టీచర్, అన్నం కూడా తినలేదు" అంటూ కథంతా తెలుగులో చెప్పాడు. ఇన్నేళ్ళలో మా లైబ్రరీలో అంతసేపు తెలుగు వినపడటం అదే మొదటిసారి. రెండు నెలల తర్వాత అదే కథని సగం ఇంగ్లీషులో ఆ హెల్పర్‌కి చెప్తుంటే చూశాను. వాళ్ళిద్దరికీ నేనెంత రుణపడ్డానో వాళ్ళకి తెలియదు.

అపోహ: "థాంక్స్‌గివింగ్ కథ అందరికీ తెలిసిందే, కొత్తగా చెప్పేదేముంది."

నవంబర్లో నేను పెట్టే థాంక్స్‌గివింగ్ పుస్తకాల ప్రదర్శన ముందు ఒకసారి రెండో తరగతి పాప ఆగి, ఈ బొమ్మల్లో మూలవాసులందరికీ ఒకేలాంటి ఈకల కిరీటాలు ఎందుకున్నాయని అడిగింది. సరైన ప్రశ్న. ఈ పండగకి మూలమని చెప్పే విందు, 1621లో అమెరికా తూర్పు తీరాన ప్లిమత్‌లో, వలస వచ్చిన ఇంగ్లీషువాళ్ళతో కలిసి మూడు రోజులు చేసుకున్నది అక్కడి మూలవాసులైన వాంపనోగ్ ప్రజలు. ఆ పెద్ద ఈకల కిరీటాలూ, టీపీ గుడారాలూ అక్కడికి ఎంతో దూరంలో ఉండే మైదాన ప్రాంతపు తెగలవి. వాంపనోగ్‌ల ఇళ్ళు వేరు, గుండ్రటి పైకప్పుతో, చెట్ల బెరడు కప్పినవి. ఆ విందుకి వాళ్ళు ఐదు జింకల్ని తెచ్చారని అప్పుడక్కడున్న ఒకతను ఉత్తరంలో రాశాడు. ఇప్పుడు మనం చేసుకునే జాతీయ పండగ చాలా తర్వాతిది. సారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలు ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసి అడగ్గా 1863లో లింకన్ ప్రకటించాడు, నవంబర్ నాలుగో గురువారం అని చట్టం చేసింది 1941లో. 1970 నుంచి ప్లిమత్‌లో ఇదే రోజుని సంతాప దినంగా పాటించే మూలవాసులున్నారు. పిల్లలు ఇది కూడా వింటారు, మనం అనుకున్నదానికంటే నెమ్మదిగా, శ్రద్ధగా వింటారు.

పాత, తప్పు పుస్తకాలని తీసేయడాన్ని మేం వీడింగ్ అంటాం, మన కలుపు తీతే. తప్పుదారి పట్టించే పుస్తకమా అన్నది అందులో మేం చూసే మొదటి విషయం. ఆ ఏడాది పండగల అరని మొత్తం మళ్ళీ చూశాను, ఆ పాప అడిగింది కాబట్టి.

అపోహ: "లైబ్రరీలో చప్పుడు ఉండకూడదు."

మా దగ్గర ఉంటుంది. చదువుకునే మూల ఒకటి వేరే ఉంది, అక్కడ మాత్రం ఉండదు.

అపోహ: "ఈ కాలం పిల్లలు చదవరు."

ఇది విన్నప్పుడు నిజంగా బాధేస్తుంది. మా రాష్ట్రంలో టెక్సస్ బ్లూబానెట్ అవార్డు అని ఉంది, 1979లో పెట్టారు. మూడు నుంచి ఆరో తరగతి పిల్లలు ఇరవై పుస్తకాల జాబితాలో కనీసం ఐదు చదివితే ఓటు వేయొచ్చు. గెలిచే పుస్తకాన్ని పెద్దలు కాదు, వాళ్ళే ఎన్నుకుంటారు. ఓటింగ్ జనవరిలో, అందుకే నవంబర్లో నాలుగు చదివినవాళ్ళు ఐదోది ఇమ్మని నా వెంట పడతారు. క్యూలో నిలబడి ఒకరికొకరు కథ చెప్పేసుకుంటారు, చివర చెప్పొద్దని చెవులు మూసుకుంటారు.

మన దేశంలో ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. చిన్నప్పుడు మా ఊరి శాఖా గ్రంథాలయంలో పుస్తకం తిరిగి ఇచ్చిన ప్రతిసారీ అక్కడి లైబ్రేరియన్ గారు "ఎలా ఉందమ్మా?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా పెన్ను పక్కన పెట్టి వినేవారు. నేనిప్పుడు అదే ప్రశ్న రోజంతా ఇంగ్లీషులో అడుగుతుంటాను. ఆయనకి నేను ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు, పిల్లలకి తోచదు కదా. మా పిల్లలు నాకు చెప్పాలని నేనూ అనుకోను. వాళ్ళు జవాబు చెప్తున్నారు, అది చాలు.

నా ఆకు మీద చివరికి హెల్పర్ల పేర్లు రాశాను. ఈకల గురించి అడిగిన పాప పేరు, తమ్ముడికి చదివి వినిపించిన అబ్బాయి పేరు వెనక వైపు రాశాను. అతనిప్పుడు హైస్కూల్లో ఉన్నాడు.