కిడ్నీ ఇస్తానంటే అనుమానం, మజ్జ ఇచ్చేవాళ్ల కోసం ఎదురుచూపు: ముక్కూమొహం తెలియని దాత వెనుక కథ

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఏదైనా ఆసుపత్రికి వెళ్లి, "నా కిడ్నీ ఒకటి అవసరమైనవాళ్లు ఎవరికైనా పెట్టండి, నాకు డబ్బు అక్కర్లేదు" అంటే అక్కడివాళ్లు నమ్మరు. నిన్నెవరు పంపారు, ఎంత ఇస్తామన్నారు అని ఆరా తీస్తారు. అదే మనిషి రక్తం ఇస్తానంటే ఆదరంగా కూర్చోబెట్టి, పనయ్యాక జ్యూస్ ఇచ్చి పంపుతారు. ఎముక మజ్జ (ఎముకల లోపల రక్తం తయారయ్యే మెత్తటి భాగం) ఇస్తానంటే మాత్రం ఎక్కడికి వెళ్లమని చెప్పాలో చాలామందికి తెలియదు. ఈ తేడాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలంటే డెబ్భై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. ఆ కథలో ఒక చేదు భాగం మన పల్నాడులోనే జరిగింది.

1954 డిసెంబర్ 23న అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ముర్రే బృందం రొనాల్డ్ హెరిక్ అనే యువకుడి కిడ్నీ తీసి, అతని కవల సోదరుడు రిచర్డ్‌కి పెట్టింది. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే కవలలు కాబట్టి రిచర్డ్ శరీరం ఆ కిడ్నీని తన సొంతంగానే తీసుకుంది. అతను ఇంకో ఎనిమిదేళ్లు బతికాడు. ఇచ్చిన రొనాల్డ్ ఒక్క కిడ్నీతో 2010 వరకూ ఉన్నాడు. మన దేశంలో బతికున్న దాత కిడ్నీతో మార్పిడి మొదటిసారి విజయవంతమైంది 1971లో, వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో. ఆ రోజుల్లో దాత అంటే ఇంట్లోని మనిషే. బయటివాళ్ల కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా ఆపే మంచి మందు అప్పటికి లేదు.

1980లలో సైక్లోస్పోరిన్ అనే అలాంటి మందు వచ్చాక పరిస్థితి మారింది. పరాయివాడి కిడ్నీ కూడా పనికొస్తుందని తేలింది. తేలగానే పేదవాడి కిడ్నీకి ధర వచ్చింది. మద్రాసులోని విల్లివాక్కంలో ఎంతమంది కిడ్నీలు అమ్ముకున్నారంటే ఆ పేటకి 'కిడ్నీవాక్కం' అన్న పేరు పడింది. విదేశాల నుంచి కూడా రోగులు కొనడానికి వచ్చేవారు. అప్పటికి మన దేశంలో దీన్ని నేరమనే చట్టం లేదు. 1991లో ఎల్.ఎం. సింఘ్వీ నాయకత్వంలో కేంద్రం కమిటీ వేసింది. 1994లో అవయవ మార్పిడి చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1995లో సొంతంగా ఒక చట్టం చేసుకుంది.

కేంద్ర చట్టంలోని పద్ధతి ఇది. అమ్మానాన్న, భార్యాభర్తలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కొడుకులు, కూతుళ్లు ఇవ్వవచ్చు. బయటివాళ్లు ఇవ్వాలంటే రోగి మీద ఉన్న ఆప్యాయత వల్లనో, అనుబంధం వల్లనో, మరేదైనా ప్రత్యేక కారణం వల్లనో ఇస్తున్నట్టు, మార్పిడికి అనుమతి ఇచ్చే అధీకృత కమిటీని ఒప్పించాలి. నిజమైన స్నేహితుడి కోసం తెరిచి ఉంచిన తలుపు అది. అందులోంచి దళారులు దూరారు.

2000లో పల్నాడులోని రెంటచింతల పేరు పత్రికలకెక్కింది. పత్తి దెబ్బతిని, ఎరువుల దుకాణాల దగ్గరా వడ్డీవ్యాపారుల దగ్గరా అప్పులు పేరుకుపోయిన రైతులు దూరపు నగరాలకు వెళ్లి కిడ్నీలు అమ్ముకుని వచ్చారన్న వార్తలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. చట్టం వచ్చి అప్పటికే ఐదేళ్లు దాటింది. బాగా ఆస్తి ఉన్న రోగికీ, పల్నాటి చిన్న రైతుకీ మధ్య అంత ఆప్యాయత ఎప్పుడు పుట్టిందని అడగాల్సిన చోట ఎవరూ గట్టిగా అడగలేదన్నదే నా బాధ. అమ్ముకున్నవాడి చేతికి వచ్చే సొమ్ము అప్పుకే చాలదు. ఆపరేషన్ తర్వాత బరువు పని చేయలేక కూలికీ వెళ్లలేని పరిస్థితి వస్తే ఆ ఇల్లు ఇంకా కుంగిపోతుంది.

2011లో కేంద్ర చట్టాన్ని సవరించారు. తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మలు, మనవలు, మనవరాళ్లను దగ్గరి బంధువుల్లో చేర్చారు. బ్లడ్ గ్రూపులు కలవని రెండు కుటుంబాలు తమ దాతలను మార్చుకునే వీలు కల్పించారు. అవయవాల వ్యాపారానికి ఐదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా పెట్టారు. 2014 నియమాల ప్రకారం కమిటీ దాత ఆదాయం చూడాలి, ఇద్దరూ కలిసి ఉన్న పాత ఫొటోలు అడగాలి, దాత కుటుంబసభ్యులతో మాట్లాడాలి. అయినా ఆగలేదు. 30 లక్షలు ఇస్తామని ఆశపెట్టి, బంధువునని నకిలీ కాగితాలు సృష్టించి, విజయవాడలో తన కిడ్నీ తీయించి మోసం చేశారని 2024 జూలైలో గుంటూరు వ్యక్తి ఒకరు పోలీసులకు ఫిర్యాదు చేశారు. ఇన్ని చూశాక, ఊరికే ఇస్తానంటున్న మనిషిని కమిటీ పదిరకాలుగా ప్రశ్నిస్తే తప్పు పట్టలేను. ఆ ప్రశ్నలు కాపాడేది ముందుగా దాతనే.

అయితే డబ్బు తీసుకోకుండా, ఎవరో తెలియనివాళ్లకి కిడ్నీ ఇచ్చేవాళ్లు నిజంగానే ఉన్నారు. 1995లో అమెరికాలో చిన్న కోతలతో, లాపరోస్కోపీతో దాత కిడ్నీ తీయడం మొదలయ్యాక కోలుకునే కాలం తగ్గింది. 1999 నాటికి మిన్నెసోటా, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రులు అలాంటి దాతలను తీసుకోసాగాయి. బ్రిటన్ 2006 నుంచి అనుమతించింది. మన దగ్గర పక్కనున్న కేరళలో ఫాదర్ డేవిస్ చిరమెల్ 2009లో ఒక ఎలక్ట్రీషియన్‌కి కిడ్నీ ఇచ్చారు. ఆ స్ఫూర్తితో వీ-గార్డ్ అధినేత కొచౌసేఫ్ చిట్టిలపిళ్లి 2011లో ఒక లారీ డ్రైవర్‌కి ఇచ్చారు. డబ్బున్నవాడి శరీరంలోంచి పేదవాడి శరీరంలోకి కిడ్నీ వెళ్లిన సంఘటన అది. మామూలుగా జరిగేది దానికి తలకిందులు.

వాళ్లిద్దరి విషయంలోనూ పుచ్చుకునే మనిషి ఎవరో ముందే తేలింది. పేరూ ఊరూ అడగకుండా వరుసలో ముందున్నవాళ్లకి పెట్టండి అని బతికున్న మనిషి ఇచ్చివెళ్లే ఏర్పాటు మన చట్టంలో లేదు. రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో వరుస జాబితా ఉంది కానీ అది బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాల కోసం. అవసరమా, కొండంత ఉంది. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఇళ్లకిళ్లనే పట్టుకుంది. ఎన్టీఆర్ వైద్యసేవ (పాత ఆరోగ్యశ్రీ) ఆపరేషన్ ఖర్చు భరించినా, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి జబ్బు ఉంటే ఇచ్చేదెవరు? ఇంట్లో ఇవ్వగలిగినవాళ్లు ఉన్నచోట కూడా చాలాసార్లు ఆ భారం తల్లి మీదో భార్య మీదో పడుతుంది. ఆమెను "నీకు ఇష్టమేనా" అని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. కిడ్నీ ఇవ్వడంలో ప్రాణాపాయం తక్కువే, 1994-2009 మధ్య అమెరికాలో లెక్కలు తీస్తే పదివేల మందిలో చనిపోయింది సుమారు ముగ్గురు. తక్కువ అన్నంత మాత్రాన ఆమె అంగీకారం అడగనవసరం లేదని కాదు.

ఎముక మజ్జ కథ దీనికి పక్కనే మొదలై వేరే దారి పట్టింది. 1956లో అమెరికాలో డాక్టర్ డొనాల్ థామస్ లుకేమియా (రక్త క్యాన్సర్) రోగికి అతని కవల మజ్జ ఎక్కించారు. 1958లో ఫ్రాన్స్‌లో జాన్ దోసే తెల్లకణాల మీద ఉండే గుర్తులను, అంటే హెచ్‌ఎల్‌ఏను, కనుక్కున్నారు. ఆ గుర్తులు కలిస్తేనే మజ్జ నిలుస్తుంది. 1968లో తోబుట్టువుల మజ్జతో విజయం వచ్చింది. ముర్రే, థామస్‌లు 1990 నోబెల్‌ను కలిసి పంచుకున్నారు. మన దేశంలో 1983లో ముంబై టాటా మెమోరియల్‌లో తొలి మజ్జ మార్పిడి జరిగింది.

తోబుట్టువు మజ్జ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. ఇద్దరే పిల్లలున్న నేటి ఇళ్లలో ఎక్కువమందికి మిగిలేది బయటి దాతే. లండన్‌లో ఆంథొనీ నోలన్ అనే పసివాడికి దాత దొరక్క, అతని తల్లి షెర్లీ 1974లో దాతల రిజిస్ట్రీ, అంటే ఇవ్వడానికి ముందుకొచ్చినవాళ్ల జాబితా, మొదలుపెట్టింది. 1979లో కొడుకు పోయాడు, దాత దొరకలేదు. అదే ఏడాది సియాటెల్‌లో లారా గ్రేవ్స్ అనే పదేళ్ల పాపకి అక్కడి ఆసుపత్రి ఉద్యోగి మజ్జ సరిపోయింది. లుకేమియాకి బంధుత్వం లేని దాతతో జరిగిన తొలి మార్పిడి అది. తర్వాత దేశదేశాల్లో రిజిస్ట్రీలు వచ్చాయి. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి నాలుగు కోట్లకు పైగా పేర్లున్నాయి. మన దగ్గర చెన్నైలో దాత్రి అనే రిజిస్ట్రీ 2009లో మొదలైంది. జర్మనీ రిజిస్ట్రీ డీకేఎంఎస్ 2019 నుంచి బెంగళూరులో పనిచేస్తోంది.

ఇక్కడ అమ్మకానికి చోటు లేకపోవడానికి కారణముంది. రోగి ఎవరో దాతకి తెలియదు, దాత ఎవరో రోగికి తెలియదు. మధ్యలో రిజిస్ట్రీ ఉంటుంది. పైగా తీసిన మజ్జ కొద్ది వారాల్లో మళ్లీ తయారవుతుంది. పూర్తిగా తీసేస్తే శరీరం తిరిగి తయారు చేసుకోలేని భాగాన్నే 1994 చట్టం అవయవం అంది.

ఇంత తేలికైన దారిలో తెలుగువాళ్లం తక్కువగా కనిపించడం నాకు దిగులు కలిగిస్తుంది. హెచ్‌ఎల్‌ఏ వంశపారంపర్యంగా వస్తుంది. మనం తరతరాలుగా సొంత కులంలోనే పెళ్లిళ్లు చేసుకున్నాం, మేనరికాలూ ఎక్కువే. కాబట్టి కృష్ణా, గుంటూరు జిల్లాల పిల్లకి సరిపోయే మజ్జ జర్మనీ జాబితాలో కంటే ఇక్కడి మనుషుల్లో దొరికే అవకాశమే ఎక్కువ. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బుతో రక్తం ఎక్కించుకుంటూ పెరిగే పిల్లలకి పూర్తి నయం చూపగలది ప్రధానంగా మజ్జ మార్పిడే. కోల్ ఇండియా సాయంతో 2017లో మొదలైన పథకం అందుకు 10 లక్షల వరకు ఇస్తుంది. డబ్బు ఉన్నా దాత లేకపోతే ఆగిపోతుంది. సగం కలిసిన తల్లిదండ్రుల మజ్జతో చేసే పద్ధతి ఇటీవల పెరిగింది, అది పెద్ద ఊరట. అయినా పూర్తిగా కలిసే దాత ఉంటే డాక్టర్లు ముందు అటే చూస్తారు.

పేరు నమోదుకి బుగ్గ లోపల దూదిపుల్లతో రాస్తే చాలు. దాత్రిలో వయసు 18 నుంచి 50. ఎవరితోనైనా కలిసిందని కబురు వస్తే ఐదు రోజులు ఇంజెక్షన్లు ఇస్తారు. ఒళ్లునొప్పులు, తలనొప్పి ఉండవచ్చు. తర్వాత నాలుగైదు గంటలు ఒక చేతి నుంచి రక్తం తీసి, రక్తాన్ని తయారుచేసే మూలకణాలు వేరుచేసి, మిగతాది రెండో చేతికి ఎక్కిస్తారు. వెన్నుపూసలో సూది గుచ్చుతారన్నది అపోహ. కొన్నిసార్లు మత్తు ఇచ్చి నేరుగా మజ్జ తీసినా, అది తుంటి ఎముక నుంచే.

నాయకుల పుట్టినరోజుకి రక్తదాన శిబిరాలు పెట్టే విజయవాడలో, ఇంజినీరింగ్ కాలేజీలతో నిండిన గుంటూరులో దాతలకు కొరత ఉండకూడదు. చిక్కు వచ్చేది కబురు వచ్చాకే. అప్పుడు ఇంట్లో అమ్మ ఏడుస్తుంది, అత్తగారు వద్దంటారు, దాత వెనక్కి తగ్గుతాడు. వెనక్కి తగ్గే హక్కు చివరి దాకా అతనిదే, ఎవరూ బలవంతం చేయరు. కానీ కొత్త మజ్జ ఎక్కించడానికి వారం పది రోజుల ముందే మందులతో రోగి సొంత మజ్జను తుడిచేస్తారు. ఆ తర్వాత దాత రాకపోతే రోగి బతకడం కష్టం. కాబట్టి ఇంట్లోవాళ్లతో మాట్లాడాల్సింది బుగ్గలో దూదిపుల్ల పెట్టించుకునే ముందే.