రహీం సాబ్ కుర్చీ ఇంకా ఖాళీనే: ఫుట్‌బాల్ గొడవ వెనక 1963

ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో భారత ఫుట్‌బాల్ జట్టు 0-1తో ఓడాక పాత గొడవ మళ్లీ లేచింది. నిజానికి ఆ మ్యాచ్‌తో పోయేదేమీ లేదు, 2025 అక్టోబర్ 14న గోవాలోని ఫటోర్డాలో సింగపూర్ మీద 1-2తో ఓడినప్పుడే 2027 ఆసియా కప్ ఆశ అయిపోయింది. కానీ బంగ్లాదేశ్ చేతిలో ఓడటం 2003 తర్వాత ఇదే మొదటిసారి, పైగా వాళ్ల వైపు ఇంగ్లండ్‌లో పుట్టి లెస్టర్ సిటీలో ఆడే హమ్జా చౌధురి ఉన్నాడు. దాంతో వాళ్లు తెచ్చుకున్నట్టు మనం కూడా విదేశాల్లోని భారత సంతతి ఆటగాళ్లను తెచ్చుకుంటే పోలా అనే వాదన జోరందుకుంది. భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ అధ్యక్షుడిగా కళ్యాణ్ చౌబే కూడా 2025లో ఈ దారి గురించే మాట్లాడుతూ వచ్చారు. ముందు పిల్లలకు ఆట నేర్పే ఏర్పాటు చూడండి అనేది అవతలి పక్షం.

1950 వరల్డ్ కప్‌కి బూట్లు లేక వెళ్లలేదన్న కథ జోలికి పోను, దాని మీద చాలినంత సిరా ఖర్చయింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం కూడా అందరూ వల్లె వేసేదే. నా ఉద్దేశంలో అసలు మలుపు 1962 సెప్టెంబర్‌కీ 1963 జూన్‌కీ మధ్య, అంటే అప్పటి కోచ్ రహీం సాబ్ చివరి విజయానికీ ఆయన మరణానికీ మధ్య ఉంది.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో మనవాళ్లు మొదటి మ్యాచే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. తర్వాత థాయ్‌లాండ్, జపాన్‌లను దాటారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకెవరైనా అయితే అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టేవారు, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మాత్రం తలకు కట్టుతోనే ఫార్వర్డ్‌గా దింపారు. దక్షిణ వియత్నాం మీద సెమీస్ 3-2తో గట్టెక్కింది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని మన క్రీడాధికారి జి.డి. సోంధీ తప్పుపట్టినందుకు ఆ ఊళ్లో మన పేరెత్తితేనే మండిపడుతున్నారు, సెప్టెంబర్ 4న ఫైనల్‌లో స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా అరుపులే. మళ్లీ అదే కొరియా. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, కాసేపటికే జర్నైల్ గోల్స్ కొట్టారు, 2-1తో స్వర్ణం వచ్చింది. మన ఫుట్‌బాల్ జట్టుకి ఆసియా క్రీడల్లో అదే చివరి స్వర్ణం.

ఆ టోర్నీ నాటికే రహీం ఒంట్లో క్యాన్సర్ ఉంది. 1963 జూన్ 11న పోయారు.

ఈయన హైదరాబాదీ అని గర్వంగా చెప్పుకుంటాం గానీ ఆయన చేసిన పనేమిటో పెద్దగా మాట్లాడుకోం. వృత్తిరీత్యా బడిపంతులు. కుర్రాళ్లకు విచిత్రమైన టోర్నమెంట్లు పెట్టేవారు: ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి కాలికి తగలగానే పాస్ ఇచ్చేయాలి, ఇంకోదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి, కుడికాలివాడైతే ఎడమకాలితోనే తంటాలు పడాలి. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నీ గెలిచింది. మెల్‌బోర్న్ జట్టులో హైదరాబాద్, సికింద్రాబాద్ కుర్రాళ్లు అరడజనుకు తక్కువ లేరు, అమ్ముగూడ బలరాం సహా. వాళ్లెవరూ పైనుంచి ఊడిపడలేదు, గల్లీల్లోంచి, పోలీసు మైదానాల్లోంచి వచ్చారు.

మరి ఆయన పోయాక ఫెడరేషన్ ఏం చేసింది? ఆ పద్ధతిని ఇంకో నాలుగు ఊళ్లకు తీసుకెళ్లలేదు. హ్యారీ రైట్ అనే ఇంగ్లిష్ కోచ్‌ని తెచ్చింది. 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం వచ్చిన మాట నిజమే, ఇప్పటికీ గొప్పగా చెబుతారు, కానీ అక్కడ ఆడింది నాలుగే జట్లు, మన జోన్‌లో మిగతావాళ్లు తప్పుకోవడంతో క్వాలిఫయర్ (అర్హత మ్యాచ్) ఆడకుండానే మనం ఇజ్రాయెల్ వెళ్లాం. అదే ఏడాది ఒలింపిక్స్ క్వాలిఫయర్‌లో ఇరాన్ చేతిలో ఓడాం. 1960 రోమ్ తర్వాత ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు మళ్లీ కనిపించలేదు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల కాంస్యం ఉంది, దానికి కెప్టెన్ నయీముద్దీన్, ఆయనా హైదరాబాద్ వాడే, పాత సేద్యంలో చివరి పంట అన్నమాట. ఇంకో విడ్డూరం: మన జట్టు ఆసియాలో మేటిగా ఉన్న ఆ పదేళ్లలో ఒక్క వరల్డ్ కప్ క్వాలిఫయర్ కూడా ఆడలేదు, మొదటిది ఆడేసరికి 1985 వచ్చింది.

అంటే విదేశాల నుంచి మనిషిని తెస్తే పని అయిపోతుందనే ఆలోచన కొత్తదేం కాదు. కోచ్‌ల విషయంలో చాలాసార్లు చేసి చూశాం. స్పెయిన్ వాడైన మనోలో మార్కెజ్ సంగతే చూడండి. 2022లో ఇదే ఫటోర్డాలో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) టైటిల్ తెచ్చాడు, 2024లో జాతీయ జట్టు పగ్గాలు తీసుకున్నాడు, హాంకాంగ్ చేతిలో ఆఖర్లో ఇంజురీ టైమ్‌లో పెనాల్టీకి ఓడాక 2025 జులైలో వెళ్లిపోయాడు. సునీల్ ఛెత్రిని 40 ఏళ్ల వయసులో రిటైర్మెంట్ నుంచి వెనక్కి పిలిపించింది కూడా ఆయన హయాంలోనే. కొత్త స్ట్రైకర్ దొరక్కే కదా ఆ పని చేసింది. హైదరాబాద్ ఎఫ్‌సీ అయితే డబ్బు కష్టాల్లో పడి, చేతులు మారి, 2025లో పేరు కూడా మార్చుకుని ఢిల్లీ జట్టయింది.

సంతతి ఆటగాళ్లను తెమ్మనేవాళ్ల మాటలో అసలు పస లేదని కాదు. జాతీయ జట్లలో భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే ఆడాలని 2008లో కేంద్రం తెచ్చిన నిబంధన వల్ల విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా లాభం లేదు. జపాన్‌లో పుట్టిన అరాటా ఇజుమీ ఆ దేశ పౌరసత్వం వదులుకుని 2013లో మనకు ఆడాడు. బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాడు ర్యాన్ విలియమ్స్ ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదిలేశాడు, అయినా అనుమతి కాగితాలు సమయానికి రాక ఢాకాలో ఆడలేకపోయాడు. యూరప్‌లో మంచి జీతంతో ఆడుతున్న పాతికేళ్ల కుర్రాడు ఇలా పాస్‌పోర్టు వదులుకుంటాడా? ఒకరిద్దరు ముందుకొస్తారేమో. జట్టుకి కావాల్సింది పదకొండు మంది, బెంచీ మీద ఇంకో డజను. వాళ్లను ఏ ఊళ్లో, ఎవరు, ఏ వయసు నుంచి తయారుచేస్తారో ఫెడరేషన్ చెబితే అప్పుడు విదేశీ పాస్‌పోర్టుల సంగతి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.