ప్లైవుడ్ డెక్కు, హ్యాచ్ మూతలు: అపోహలు - వాస్తవాలు

సొంతంగా చిన్న కాటమరాన్ (రెండు సన్నటి హల్స్, అంటే పడవ దేహాలు, పక్కపక్కన ఉండే పడవ) కట్టుకునేవాళ్లు డెక్కు (పడవ పైతలం) గురించి మొదట అడిగేది "ఎంత మందం వేయాలి?" అని. నేను మాత్రం ముందు అంచుల గురించి, రంధ్రాల గురించి చెబుతాను. విప్పి బాగుచేసిన పాత డెక్కుల్లో కుళ్లు షీటు నడుమ మొదలవడం చాలా అరుదు. కోసిన అంచు, స్క్రూ దిగిన చోటు, హ్యాచ్ (డెక్కులో మూత ఉండే ఓపెనింగ్) మూల: నీళ్లు దూరే దారులు ఇవే.

అపోహ: మెరైన్ ప్లైవుడ్ కుళ్లదు.

వాస్తవం: మెరైన్ అన్న ముద్ర ముఖ్యంగా రెండు సంగతులు చెబుతుంది. జిగురు నీళ్లకు విడిపోదు, లోపలి పొరల్లో ఖాళీలు ఉండవు. బీఎస్ 1088 అనే బ్రిటిష్ ప్రమాణం ఉన్న షీటు కొనడానికి ఈ రెండూ చాలు. చెక్క మాత్రం చెక్కే. చిన్న పడవలకు ఎక్కువగా వాడే ఓకుమే అనే చెక్క తేలిక, బాగా అతుక్కుంటుంది, కానీ కుళ్లును తట్టుకునే గుణం దానికి తక్కువ. లోపల తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే బూజుకు అనువైన చోటు దొరికినట్టే. ఉప్పునీరు ఆ బూజును కొంత అడ్డుకుంటుంది. అందుకే సముద్రపు నీటికంటే డెక్కు మీద నిలిచే వాననీటికే ఎక్కువ భయపడాలి. డెక్కుకు కొంచెం వంపు ఇస్తే నీళ్లు నిలవవు, పైగా గట్టిదనం కూడా పెరుగుతుంది.

అపోహ: డెక్కు ఊగితే ఇంకా మందమైన షీటు వేయాలి.

వాస్తవం: ముందు కింది అడ్డదూలాలు చూడండి. షీటు గట్టిదనం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల నుంచి 9కి వెళితే దాదాపు 3.4 రెట్లు గట్టిపడుతుంది, నిజమే. కానీ బరువు కూడా ఒకటిన్నర రెట్లవుతుంది. 2440 × 1220 ఓకుమే షీటు 6 మిల్లీమీటర్లదైతే సుమారు 8 కిలోలు, 9 మిల్లీమీటర్లదైతే 12 పైనే. అదే పాత షీటు కింద దూలాల ఎడం 400 మిల్లీమీటర్ల నుంచి 300కి తగ్గిస్తే, నడుమ కాలు మోపినప్పుడు కుంగడం సగానికంటే తక్కువకు పడిపోతుంది. దానికి అయ్యే బరువు రెండు మూడు సన్నటి కర్రలే.

సన్నటి హల్స్ మీద తేలే పడవ బరువును దాచుకోలేదు. నాలుగైదు షీట్లలో పెరిగిన కిలోలన్నీ కలిసి పడవను కిందికి దింపుతాయి. రెండు హల్స్ నడిమి వేదిక అలలకు దగ్గరై, కింద నుంచి దెబ్బలు మొదలవుతాయి. పై పొర రేఖలు దూలాలకు అడ్డంగా ఉండేలా షీటు వేయడం మర్చిపోవద్దు. ఇందులో ఖర్చేమీ లేదు.

ఆ వేదిక విషయంలోనూ మూసిన షీటే మేలనుకుంటారు. కాటమరాన్ డిజైనర్ జేమ్స్ వార్రమ్ డిజైన్లలో చూడండి, సందులు వదిలిన పలకలుంటాయి. కింద నుంచి ఎగసిన అల వాటిలోంచి పోతుంది. చిన్న పడవకు నా ఓటు పలకలకే.

అపోహ: ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి పూస్తే గట్టిపడే రెజిన్) పూశాక ఇక చింత లేదు.

వాస్తవం: షీటు ముఖానికి మూడు పూతలు (కోట్లు) చాలు. కోసిన అంచు మాత్రం స్ట్రాలా పీలుస్తుంది, అక్కడ పీల్చడం ఆగేదాకా పూయాలి. ప్రతి స్క్రూకీ, బోల్టుకీ రంధ్రం పెద్దగా వేసి, పొడి కలిపి చిక్కబరచిన ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ రంధ్రం వేయండి. అప్పుడు రేపు సీలెంట్ వదిలేసినా నీళ్లు చెక్కను తాకవు. విసుగొచ్చే పనే, కానీ డెక్కు ఆయుష్షు ఇక్కడే ఉంది. మొదటి కోటు ఎండ తగ్గుతున్న సాయంత్రం వేయండి. పొద్దున వేస్తే చెక్కలోని గాలి వేడెక్కి బుడగలు కడుతుంది. ఎపాక్సీ ఎండకు పాడవుతుంది కాబట్టి పైన పెయింట్ తప్పనిసరి. లేత రంగే వేయండి, ముదురు రంగు డెక్కు వేడికి మామూలు ఎపాక్సీ మెత్తబడొచ్చు.

అపోహ: మంచి గ్యాస్కెట్ (మూత కింద నీళ్లు ఆపే రబ్బరు పట్టీ) ఉంటే హ్యాచ్ కారదు.

వాస్తవం: గ్యాస్కెట్ చివరి కాపలా మాత్రమే. ముందు ఓపెనింగ్ చుట్టూ నిలువు అంచు లేపాలి. మూత పెదవి దాని బయటికి దిగాలి. అల నేరుగా రబ్బరును కొట్టకూడదు. మూతకు ఒకే వైపు ఎపాక్సీ పూస్తే అది వంగుతుంది, వంగిన మూతను ఏ రబ్బరూ కాపాడలేదు. రెండు వైపులా సమానంగా పూయండి. ఒకే గొళ్లెం పెడితే మూలలు లేస్తాయి, అందుకని చుట్టూ నాలుగు చోట్ల బిగించండి. దాని మీద ఎవరో ఒకరు కాలు వేస్తారు కాబట్టి కింద పట్టీలు కూడా ఉండాలి. డెక్కులో ఓపెనింగ్ మూలలు గుండ్రంగా కోయండి, చదరపు మూలలో పగులు మొదలవుతుంది.

పరీక్ష సులువు. నిలువు అంచు మీద సుద్ద రాసి మూత బిగించి తీయండి. గ్యాస్కెట్ మీద గీత ఎక్కడ తెగిందో అక్కడే కారుతుంది.

అపోహ: హ్యాచ్ ఎప్పుడూ బిగించే ఉంచాలి.

వాస్తవం: నీళ్ల మీద ఉన్నప్పుడు బిగించాల్సిందే. కానీ బిగించినా ఒక చిక్కుంది. ఎండకు 25 డిగ్రీల గాలి 55 అయితే దాదాపు 10 శాతం వ్యాకోచించి సందుల్లోంచి బయటికి పోతుంది. తర్వాత చల్లటి అల పడగానే లోపలి గాలి ముడుచుకుని నీళ్లను లోపలికి లాగుతుంది. మూత పెదవి చాటున 2 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే ఒత్తిడి సర్దుకుంటుంది. ఒడ్డుకు చేరాక, వాన లేకపోతే, మూతలన్నీ తీసేసి లోపల గాలి ఆడనివ్వండి.