ఊపిరితిత్తుల్లోని చెట్టు: స్కాన్‌కు కనిపించేది, లెక్కతో నింపేది

వాయునాళం ఛాతీలో రెండు శ్వాసనాళాలుగా చీలుతుంది. అవి మళ్లీ మళ్లీ చీలుతూ, సుమారు 23 తరాల తరువాత, వాయుగోణుల దగ్గర ముగుస్తాయి. ఈ 23 అన్న అంకె స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఎవాల్డ్ వైబెల్ 1963లో ప్రచురించిన నమూనాలోది. లెక్క సులువుగా ఉండటం కోసం ప్రతి శాఖా రెండు సమానమైన శాఖలుగా చీలుతుందని ఆయన అనుకున్నారు. అసలు చెట్టు అంత సమానంగా ఉండదు. కుడి శ్వాసనాళం ఎడమదానికంటే వెడల్పు, పొట్టి, నిటారు. పొరపాటున లోపలికి జారిన గింజ ఎక్కువగా కుడివైపే చిక్కుకోవడం అందుకే. ఎదుట ఉన్న రోగి ఊపిరితిత్తుల నమూనానే కావాలంటే సీటీ స్కాన్ తీయాలి.

సీటీ కొలమానంలో నీటి విలువ 0, గాలి విలువ దాదాపు -1000. అందువల్ల నాళం లోపలి భాగం నల్లగా, గోడ తెల్లగా కనిపిస్తుంది. వాయునాళంలో ఒక బిందువు దగ్గర మొదలుపెట్టి, అదే నలుపు ఉన్న పక్క బిందువులను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోతే, కాలువలోకి వదిలిన నీరు పిల్లకాలువలకు పారినట్టు, చెట్టు ఆకారం తేలుతుంది. చిక్కు సన్నని శాఖల దగ్గర వస్తుంది. అక్కడ గోడ స్కాన్ బిందువుకంటే పలుచన కాబట్టి, గోడా గాలీ కలిసి ఒకే సగటు విలువగా నమోదవుతాయి. చుట్టూ ఉన్న ఊపిరితిత్తి కణజాలంలోనూ ఎక్కువ భాగం గాలే. గట్టు తెగినట్టు లెక్క ఊపిరితిత్తి అంతా పరుచుకుంటుంది. దీన్నే లీకేజీ అంటారు. నలుపు హద్దును బిగిస్తే లీకేజీ ఆగుతుంది, కానీ నిజమైన శాఖలూ పోతాయి. 2009లో 15 పద్ధతులను 20 స్కాన్లపై పోల్చి చూసినప్పుడు, ఏ ఒక్కటీ సగటున శాఖల మొత్తం పొడవులో 80 శాతాన్ని కూడా అందుకోలేదు. తరువాత వచ్చిన న్యూరల్ నెట్‌వర్కులు (ఉదాహరణల నుంచి నేర్చుకునే కంప్యూటర్ లెక్కలు) ఈ పనిని బాగా మెరుగుపరిచాయి.

అయినా సుమారు 2 మిల్లీమీటర్ల కన్నా సన్నని శాఖలు మామూలు స్కాన్‌కు సరిగా అందవు. వాటిని లెక్కతో పెంచుతారు: కనిపించిన కొమ్మ చివర నుంచి, ఆ లోబ్‌లో (ఊపిరితిత్తిలోని పెద్ద విభాగంలో) మిగిలిన చోటును రెండుగా విభజించి, ఒక్కో సగం మధ్య వైపు ఒక కొమ్మ వేస్తూ పోతారు. ఇది ఊహే అయినా, నియమం తప్పని ఊహ. కనిపించిన కొమ్మనూ లెక్కించిన కొమ్మనూ వేర్వేరు రంగుల్లో చూపడం తప్పనిసరి కావాలని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే ఇక్కడ చిన్న పొరపాటు చిన్నదిగా మిగలదు. గాలి ఒడిదుడుకులు లేకుండా పారే నాళంలో నిరోధం వ్యాసం నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. వ్యాసాన్ని 10 శాతం తక్కువగా కొలిస్తే నిరోధం 52 శాతం ఎక్కువగా తేలుతుంది.

పైగా దీర్ఘకాలిక శ్వాస అవరోధ వ్యాధి (సీఓపీడీ) తొలి నష్టం చేసేది ఈ కనిపించని శాఖల్లోనే. తొలగించిన ఊపిరితిత్తులను మైక్రో సీటీతో (మామూలు సీటీకంటే ఎంతో సూక్ష్మంగా చూపే స్కాన్‌తో) పరీక్షించిన పరిశోధకులు, చిట్టచివరి శ్వాసనాళికలు పెద్దసంఖ్యలో మాయమైనట్టు 2011లో చూపారు. రోగి పీల్చిన జీనాన్-129 వాయువును ఎంఆర్ఐతో చిత్రిస్తే ఊపిరి ఏ భాగానికి చేరిందో, ఏ భాగానికి చేరలేదో తెలుస్తుంది. ఈ పద్ధతికి అమెరికాలో 2022లో అనుమతి లభించింది. లెక్కతో పెంచిన కొమ్మలు గాలి ఎక్కడికి చేరుతుందని చెబుతున్నాయో, ఆ చిత్రంతో పోల్చి సరిచూడవచ్చు.