వెన్ను నీటిలో క్షయ జాడ

పది పన్నెండు రోజులుగా సన్నని జ్వరం, వదలని తలనొప్పి, అన్నం సయించకపోవడం, ఆ తర్వాత వాంతులు, మగత. క్షయ మెనింజైటిస్, అంటే క్షయ వల్ల మెదడు పొరలకు వచ్చే వాపు, చాలామందిలో ఇంత నెమ్మదిగానే మొదలవుతుంది. మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి క్షయ ముప్పు ఎక్కువ. అటువంటివారికి వాంతులు, మగత వస్తే రక్తంలో యూరియా పెరిగిందనుకోవడం సహజం. కవిటి, సోంపేట వైపు డయాలసిస్ చేయించుకునేవారి ఇళ్లలో ఈ జబ్బు పేరు తెలిసి ఉండాలని నేను కోరుకునేది అందుకే.

ఊపిరితిత్తుల నుంచి రక్తం ద్వారా మెదడు పొరలకు చేరిన క్షయ క్రిములు అక్కడ వాపు కలిగిస్తాయి. నిర్ధారణకు నడుము దగ్గర సూది పెట్టి, మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే వెన్ను నీరు తీయాలి. కళ్లెలో లక్షల సంఖ్యలో దొరికే క్రిములు ఈ నీటిలో బహు అరుదు. మైక్రోస్కోపు కింద సాధారణ ప్రయోగశాలల్లో పదిమంది రోగుల్లో ఒకరిద్దరిలోనే అవి కనిపిస్తాయి. క్రిములను ప్రయోగశాలలో పెంచి చూసే కల్చర్ ఫలితానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది. చికిత్స అందకపోతే దాదాపు ఎవరూ బతకని ఈ జబ్బులో, రోగి స్పృహలో ఉండగా మందులు మొదలుపెట్టడానికీ కోమాలోకి వెళ్లాక మొదలుపెట్టడానికీ ఫలితంలో ఎంతో తేడా ఉంటుంది.

మన ఆసుపత్రుల్లో సీబీనాట్ అనే జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్ష క్రిమిని కాక దాని డీఎన్ఏను పట్టుకుంటుంది. కార్ట్రిడ్జ్‌లో పోసిన నీటిలోని క్రిములను యంత్రం పగలగొట్టి, వాటి జన్యు ముక్కను కోట్ల ప్రతులుగా పెంచి, రెండు గంటల్లోపు క్షయ జాడ దొరికిందో లేదో చెబుతుంది. దొరికితే క్షయకు వాడే ముఖ్యమైన రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా తెలుస్తుంది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన అల్ట్రా రకం, క్రిమి జన్యువులో పదేపదే కనిపించే భాగాలను కూడా వెదుకుతుంది. అందువల్ల మిల్లీలీటరుకు 110కి పైగా క్రిములుంటే గాని పట్టలేని పాత పరీక్ష స్థానంలో, సుమారు 16 ఉన్నా పట్టగల పరీక్ష వచ్చింది. ఫలితంలో ‘ట్రేస్’ (అతి స్వల్ప జాడ) అని వచ్చినా, వెన్ను నీటి విషయంలో దాన్ని క్షయగానే పరిగణించాలి.

అయితే ‘నెగెటివ్’ వచ్చిందని ఊపిరి పీల్చుకోకూడదు. హెచ్‌ఐవీ ఉన్న ఉగాండా రోగులపై 2017లో వెలువడిన అధ్యయనంలో అల్ట్రా 95 శాతం కేసులను పట్టుకుంటే, 2020లో వెలువడిన వియత్నాం అధ్యయనంలో 47 శాతమే దొరికాయి. లక్షణాలు, వెన్ను నీటిలోని కణాలు, గ్లూకోజు, స్కాన్ క్షయ వైపు చూపిస్తుంటే, వైద్యులు ఫలితంతో నిమిత్తం లేకుండా మందులూ స్టెరాయిడ్లూ మొదలుపెడతారు. అది తొందరపాటు కాదు.

యంత్రం ఎంత గొప్పదైనా, దానికి అందే నీరు చాలినంత ఉండాలి. పెద్దవారిలో కనీసం 6 మిల్లీలీటర్లు, వీలైతే 8 నుంచి 10 తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరినదాన్ని పరీక్షిస్తే క్రిమి దొరికే అవకాశం పెరుగుతుంది. మనవైపు ఇళ్లలో మాత్రం నడుములో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయన్న భయం ఇంకా ఉంది. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం, కానీ పెద్దవారిలో వెన్నుపాము సూది పెట్టే చోటికి పైనే ముగుస్తుంది. మెదడులో ఒత్తిడి ప్రమాదకరంగా ఉందేమో వైద్యులు ముందే చూసుకుంటారు. తీశాక కొన్నాళ్లు తలనొప్పి ఉండవచ్చు. తీసిన నీటి సంగతంటారా, మన శరీరం రోజుకు దాదాపు అర లీటరు వెన్ను నీటిని తయారుచేసుకుంటుంది. పది మిల్లీలీటర్లు అరగంటలో మళ్లీ ఊరుతాయి.