యూత్ చర్చికి ఎందుకు రావట్లేదు: అపోహలు - వాస్తవాలు

సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో యువజనులతో పనిచేస్తున్నాను. లూథరన్, బాప్టిస్టు సంఘాల పెద్దలతో మాట్లాడినా ఇవే మాటలు వినిపిస్తుంటాయి కాబట్టి రాస్తున్నా.

అపోహ: కీర్తనలు పాతబడ్డాయి, డ్రమ్స్, గిటార్లు పెడితే యూత్ వస్తారు.

వాస్తవం: కొన్నాళ్లు వస్తారు. తర్వాత అంతకంటే బాగా వాయించే చర్చి అదే ఊళ్లో ఇంకొకటి దొరుకుతుంది, ఇంట్లో కూర్చుంటే యూట్యూబ్ ఉండనే ఉంది. ఆ పోటీ మనకెందుకు? ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తన పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఇంకా అందులో పాడుకుంటున్నాం. పిల్లలకు విసుగు తెప్పిస్తున్నది తాళం వదిలేసి ఈడ్చుకుంటూ పాడే మన పద్ధతి. శనివారం ప్రాక్టీసులో సంగీతం నేర్చుకుంటున్న ఒకమ్మాయి పేజీ పైన "మోహన, ఆది" అని చూసి, "అన్నా, ఇది మా క్లాసులో చెప్పిన రాగమే" అంటూ స్వరాలు పాడి వినిపించింది, తబలా అబ్బాయి వెంటనే తాళం అందుకున్నాడు, ఆ కీర్తనను మూడుసార్లు పాడించుకున్నారు.

అపోహ: భక్తి తగ్గింది, అందుకే ఆరాధనలో నోరు విప్పరు.

వాస్తవం: చాలామందికి తెలుగు చదవడం రాదు! ఇంగ్లీష్ మీడియం పిల్లలు. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే కుర్రాడే బైబిలు తెరిచి "ఆయన వారితో ఇట్లనెను" దగ్గర ఆగిపోతాడు, అందరి ముందు తడబడతానన్న భయంతో పాఠం చదవమంటే వెనక వరుసలోకి వెళ్లిపోతాడు, మనం దాన్ని నిర్లక్ష్యం అనుకుంటాం. ఆదివారం చదవాల్సిన పాఠం బుధవారమే వాట్సాప్‌లో పంపండి, ఒక పెద్దాయన పక్కన కూర్చుని రెండుసార్లు చదివించాలి. స్క్రీన్ మీద ఇంగ్లీష్ అక్షరాల్లో కీర్తన వేయడం కూడా మంచిదే, కానీ అక్కడితో ఆపేస్తే ఆ పిల్లలకు బైబిలు ఎప్పటికీ అందదు.

అపోహ: పాత సంఘాలు మారవు.

వాస్తవం: ఆంగ్లికన్, మెథడిస్ట్, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ వాళ్లు కలిసి 1947లో సీఎస్‌ఐ అయ్యారు. 2013లో నంద్యాల డయోసిస్‌కు (ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం) ఒక మహిళ, పుష్పలలిత గారు, బిషప్ అయ్యారు.

అపోహ: యూత్ బాధ్యత తీసుకోరు.

వాస్తవం: మనం ఇచ్చే బాధ్యత ఏంటి? కుర్చీలు వేయడం, క్రిస్మస్‌కు స్టార్ కట్టడం, కేరల్స్ పాడుతూ ఇళ్లకు తిరగడం, ఏడాదికోసారి యూత్ సండే నాడు మైక్ పట్టుకోవడం. కానుకల లెక్క అడిగితే మాత్రం "మీకెందుకు బాబూ" అంటాం. చర్చి ఎన్నికల గొడవలు, చర్చి ఆస్తుల కేసులు మనకంటే ముందు వాళ్ల ఫోన్లలోకే వస్తున్నాయి. అంతకంటే పెద్ద ప్రశ్న ఒకటుంది, దాన్ని వాళ్లు నాతో విడిగా అడుగుతారు: ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) దగ్గర పక్కపక్కనే మోకరించేవాళ్లు పెళ్లి సంబంధం దగ్గరకు వచ్చేసరికి కులం ఎందుకు అడుగుతారు? దీనికి బ్యాండ్ జవాబు చెప్పదు, ప్రసంగంలో ఒక వాక్యం అనేసి వదిలేసినా సరిపోదు. కమిటీలో ఓటు హక్కుతో ఇద్దరు యువజనులను కూర్చోబెట్టండి, లెక్కలు వాళ్ల ముందు పెట్టండి, కులం గురించి వాళ్లు అడిగినప్పుడు మాట దాటేయకండి.

అపోహ: ఉద్యోగానికి హైదరాబాద్, బెంగళూరు వెళ్లినవాళ్లు ఇక పోయినట్టే.

వాస్తవం: మెంబర్‌షిప్ ట్రాన్స్‌ఫర్ లెటర్ అడిగితే ఇస్తాం, అడగకపోతే ఊరుకుంటాం, తప్పంతా అక్కడే ఉంది. పిల్లవాడు హాస్టల్‌లో దిగిన మొదటి వారంలోనే మన అయ్యగారు (పాస్టర్) అక్కడి అయ్యగారికి ఫోన్ చేసి పేరు, నంబరు ఇవ్వాలి, అక్కడివాళ్లు ఆ ఆదివారమే వెళ్లి వెంటబెట్టుకు రావాలి. నెల గడిస్తే ఆదివారం నిద్ర అలవాటైపోతుంది, ఆ తర్వాత ఎవరు పిలిచినా రావడం కష్టం.