కొండగోగు బంకలో వెండి కణాలు

పారా నైట్రోఫినాల్ అనే కాలుష్య రసాయనం ద్రావణంలో సోడియం బోరోహైడ్రైడ్ కలిపితే చిక్కటి పసుపు రంగు వస్తుంది. శక్తి లెక్క ప్రకారం ఆ రెండూ చర్య జరిపి పారా ఎమినోఫినాల్ తయారవ్వాలి. కానీ గంటలు గడిచినా పసుపు అలాగే ఉంటుంది. రెండింటివీ రుణావేశ అయాన్లే కాబట్టి ఒకదాని దగ్గరికి ఇంకొకటి రాదు. అందులో కంటికి కనిపించనంత చిన్న వెండి కణాలు (నానో కణాలు) ఉన్న ద్రవం కొన్ని చుక్కలు వేస్తే, నిమిషాల్లో పసుపు పలచబడి నీళ్లలా తేటబడుతుంది. బోరోహైడ్రైడ్ తన ఎలక్ట్రాన్లను వెండికి అప్పగిస్తుంది, అదే కణానికి అంటుకున్న నైట్రోఫినాల్ వాటిని అందుకుంటుంది. వెండి మాత్రం ఖర్చు కాదు. ఉత్ప్రేరకం పని ఇదే. ఇలా వచ్చే ఎమినోఫినాల్ పారాసిటమాల్ తయారీకి ముడిసరుకు.

ఈ పనంతా జరిగేది కణం ఉపరితలం మీదే. సెంటీమీటరు భుజం ఉన్న వెండి ఘనానికి పైకి కనిపించే వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు) ఘనాలుగా కోస్తే మొత్తం వైశాల్యం 600 చదరపు మీటర్లవుతుంది. మన లెక్కలో దాదాపు ఆరు గుంటల జాగా!

అంత చిన్న కణాలు చేయడానికి హైడ్రజీన్ లాంటి విష రసాయనాలు వాడేవాళ్లు, ఇప్పటికీ వాడుతున్నారు. కాలుష్యం తగ్గించే సరుకు తయారీలోనే కాలుష్యం పుడితే ఏం లాభం? ఇక్కడే మన అడవి చెట్లు అక్కరకొస్తాయి. రాతి గుట్టల మీద పెరిగి, ఆకులు రాల్చాక పెద్ద పెద్ద పసుపు పూలు పూసే కొండగోగు అందులో ఒకటి. దాని బంకతో వెండి నానో కణాలు చేయొచ్చని హైదరాబాద్ పరిశోధకులు 2010లోనే చూపించారు. బంక పొడిని నీళ్లలో కరిగించి, సిల్వర్ నైట్రేట్ కలిపి, ప్రెషర్ కుక్కర్ లాంటి ఆటోక్లేవ్‌లో ఆవిరి ఒత్తిడి మీద వేడి చేస్తారు. ద్రవం పసుపు గోధుమ రంగుకు తిరిగిందంటే కణాలు పుట్టినట్టే. బంకలోని హైడ్రాక్సిల్ సమూహాలు వెండి అయాన్లను లోహంగా మారుస్తాయి. అదే బంక కణాల చుట్టూ పొరలా పట్టుకుని, అవి ఒకదానికొకటి అతుక్కోకుండా కాపాడుతుంది. వేరే రసాయనం అక్కర్లేదు, ద్రావణి కూడా మామూలు నీళ్లే.

నాకు ఈ పద్ధతి మీద గట్టి నమ్మకం ఉంది. అందుకే దాని లోటు కూడా చెప్పాలి. బంక ఏ చెట్టుది, ఏ కాలంలో తీశారన్న దాన్ని బట్టి దాని కూర్పు మారుతుంది, దాంతో కణాల సైజూ మారొచ్చు. పైగా సిల్వర్ నైట్రేట్ కోసం గనుల నుంచి వెండి తవ్వాల్సిందే. కణాలను ఆకుపచ్చ పద్ధతిలో చేసి, వాటిని బోరోహైడ్రైడ్ లాంటి రసాయనం‌తో పరీక్షించి, అంతా పర్యావరణహితమే అనడం సరికాదు.

ఇంతకన్నా పెద్ద విషయం రంగు నీళ్లది. కొత్తవాడ జంపఖానాలు నేసే వరంగల్‌లో అద్దకం నీళ్ల సంగతి అందరికీ పట్టేదే. ఇలాంటి కణాలతో రంగు నీళ్లను తేటగా చేశామని ఎన్నో పరిశోధనా పత్రాలు చెబుతాయి. కానీ రంగు పోయినంత మాత్రాన విషం పోయినట్టు కాదు. ప్రయోగశాలల్లో తరచూ వాడే రంగు కాంగో రెడ్‌నే తీసుకోండి. అందులోని ఎజో బంధం (రెండు నైట్రోజన్ పరమాణువులను కలిపేది) ఈ పద్ధతిలో తెగితే బెంజిడీన్ రావొచ్చు. అది మూత్రాశయ క్యాన్సర్‌కు కారణమయ్యే పదార్థం. కంటికి తేటగా కనిపించే ఆ నీళ్లు ముందటి ఎర్ర నీళ్లకన్నా ప్రమాదం కావొచ్చు.

మన వరంగల్ నిట్‌లోనో, కాకతీయ విశ్వవిద్యాలయంలోనో ఈ పని చేసే విద్యార్థులు రంగు తగ్గిందని గ్రాఫు గీసి ఆగకూడదని నా కోరిక. తేటబడ్డ నీళ్లలో రంగు అణువుల ముక్కలు ఏవేవి మిగిలాయో క్రోమటోగ్రఫీతో, అంటే మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూపే పద్ధతితో, చూడాలి. ఎంత వెండి కరిగి నీళ్లలో కలిసిందో కొలవాలి. కణాలను అయస్కాంత ఐరన్ ఆక్సైడ్ మీద నిలిపితే అయస్కాంతంతో వెనక్కి లాగి మళ్లీ వాడుకోవచ్చు. అయిదోసారి వాడినప్పుడు కూడా మొదటిసారి ఉన్నంత చురుకు ఉందో లేదో అప్పుడు తేలుతుంది.